ప్రొఫైల్ ఫొటో సరిగా కనిపించకపోవడం: కారణాలు, పరిష్కారాలు

ఆన్‌లైన్ ఖాతాలో పేరు పక్కన కనిపించే చిన్న చిత్రమే ప్రొఫైల్ ఫొటో. వాట్సాప్ వాడేవారికి డీపీ. కొత్తది పెట్టినా పాతదే కనిపించడం, ఫొటో పక్కకు తిరిగిపోవడం, ముఖం సాగిపోవడం, ఫొటో ఉండాల్సిన చోట బూడిదరంగు బొమ్మ రావడం తరచూ ఎదురయ్యే ఇబ్బందులు. వీటి కారణాలు వేర్వేరు. అయినా చాలామంది అదే ఫైలును మళ్లీ మళ్లీ అప్‌లోడ్ చేస్తూ ఉంటారు. తరచుగా ఫొటో సర్వర్లో భద్రంగానే ఉంటుంది, చిక్కు చూపించే దగ్గర వస్తుంది. కాబట్టి ముందు ఆ పేజీని ఇన్‌కాగ్నిటో విండోలోనో, మరొకరి ఫోన్లోనో తెరిచి చూడాలి. అక్కడ సరిగా కనిపిస్తే లోపం మన బ్రౌజర్‌దే.

పాత ఫొటో వదలకపోవడం

ఒకసారి దించుకున్న చిత్రాన్ని బ్రౌజర్ తన క్యాష్‌లో దాచుకుంటుంది. ఎంతకాలం దాచుకోవచ్చో సర్వరే సెకన్లలో చెబుతుంది: 86,400 అంటే ఒక రోజు, 3,15,36,000 అంటే ఏడాది. కొత్త ఫొటో కూడా పాత చిరునామాలోనే చేరితే, గడువు తీరేదాకా బ్రౌజర్ పాతదాన్నే చూపించవచ్చు. విండోస్ కంప్యూటర్లో కంట్రోల్, ఎఫ్5 కలిపి నొక్కితే పేజీ సర్వర్ నుంచి తాజాగా వస్తుంది. అయితే ఇది మన తెరకే పనికొస్తుంది, చూసేవాళ్లందరి తెరలకూ కాదు. ఫొటో మారిన ప్రతిసారీ ఫైలు పేరు మార్చడం, లేదా చిరునామా చివర వెర్షన్ సంఖ్య చేర్చడం సైటు నడిపేవారి పని.

పక్కకు తిరిగిన ఫొటో

ఫోన్‌ను నిలువుగా పట్టుకుని తీసినా లోపలి సెన్సర్ అమరిక మారదు. చాలా ఫోన్లు పిక్సెళ్లను అడ్డంగానే రాసి, ‘చూపించేటప్పుడు ఇలా తిప్పండి’ అన్న సూచనను ఎక్సిఫ్ అనే సమాచార భాగంలో చేరుస్తాయి. ఈ సూచన 1 నుంచి 8 దాకా ఒక అంకె. 1 అంటే ఉన్నది ఉన్నట్టు చూపాలి. 6 అంటే గడియారం ముల్లు తిరిగే దిశలో 90 డిగ్రీలు తిప్పాలి. ఫొటో తీసిన చోటు వివరాలూ ఎక్సిఫ్‌లోనే ఉండవచ్చు కనుక, వాడుకరి భద్రత కోసం చాలా సైట్లు ఆ భాగాన్ని తొలగిస్తాయి. అది మంచి పనే. కానీ ముందు పిక్సెళ్లను తిప్పి, ఆ తర్వాత తొలగించాలి. ఈ వరుస తప్పితే గ్యాలరీలో నిటారుగా ఉన్న మనిషి సైటులో పడుకుని కనిపిస్తాడు. ఫొటోను ఫోన్లో తెరిచి స్క్రీన్‌షాట్ తీసి దాన్ని అప్‌లోడ్ చేయడం సులువైన మందు. స్క్రీన్‌షాట్‌లో పిక్సెళ్లు తెర మీద కనిపించినట్టే ఉంటాయి. నాణ్యత కాస్త తగ్గినా ఇంత చిన్న చిత్రానికి అది లెక్కలోకి రాదు.

ఫైలు రకం, పేరు, ఆకారం

2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఐఫోన్లు ఫొటోలను హెచ్‌ఈఐసీ రూపంలో భద్రపరచగలుగుతున్నాయి. దాన్ని క్రోమ్, ఫైర్‌ఫాక్స్ నేరుగా చూపించలేవు; జేపెగ్‌గా మార్చుకోవాలి. అచ్చు కోసం సీఎంవైకే రంగుల్లో సిద్ధం చేసిన ఫైలైతే రంగులు తేడాగా కనిపించవచ్చు. ఆర్‌జీబీలో సేవ్ చేసి ఇమ్మని స్టూడియోవారిని అడగాలి. ఫొటో ఫైలు బదులు దాని చిరునామా అడిగే సైటులో గూగుల్ డ్రైవ్ షేర్ లింకు ఇస్తే పనిచేయదు. అది తెరిచేది ఫొటోను చూపించే పేజీని, ఫొటో ఫైలును కాదు.

తెలుగులో ఫైలు పేర్లు పెట్టేవారికి మరో చిక్కు ఉంది. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు తలా మూడు బైట్లు పడతాయి. ‘సీత’ అన్న చిన్న పేరు 9 బైట్లు. వెబ్ చిరునామాలోకి మారితే 27 గుర్తులు. పాత సాఫ్ట్‌వేర్లు కొన్ని దీన్ని తప్పుగా చదివి, ఫైలు లేదంటాయి. తప్పు ఆ సాఫ్ట్‌వేర్‌దే, మన లిపిది కాదు. అది సరయ్యేదాకా అప్‌లోడ్ చేసే ఫైలుకు అంకెలతో పేరు పెట్టుకోవచ్చు.

పాస్‌పోర్ట్ ఫొటోను చతురస్రంలో ఇరికిస్తే ముఖం వెడల్పవుతుంది. చతురస్రాన్ని గుండ్రంగా చూపిస్తే నాలుగు మూలల్లో కలిపి 21 శాతానికి పైగా మరుగవుతుంది. చతురస్రంగా కత్తిరించి, ముఖాన్ని మధ్యలో ఉంచి అప్‌లోడ్ చేస్తే ఈ రెండూ తీరతాయి.

గ్రావతార్, వాట్సాప్

కొన్ని సైట్లు ఫొటోను తమ దగ్గర ఉంచుకోవు. 2004లో టామ్ ప్రెస్టన్-వెర్నర్ రూపొందించిన గ్రావతార్ అనే సేవ నుంచి తెచ్చుకుంటాయి. 2007 నుంచి ఇది ఆటొమాటిక్ సంస్థ చేతిలో ఉంది. వాడుకరి ఈమెయిల్‌ను చిన్న అక్షరాల్లోకి మార్చి, ముందువెనుక ఖాళీలు తీసేసి, దాని నుంచి తయారైన హాష్‌తో (సంకేత సంఖ్యతో) సైటు ఫొటోను వెతకాలి. సైటు ఈ పద్ధతి పాటించకపోయినా, వాడుకరి వేరే ఈమెయిల్‌తో నమోదైనా ఫొటో దొరకదు. ఇంకొకటి చాలామందికి తట్టదు: గ్రావతార్‌లో ఫొటో ఎవరు చూడదగినదో చెప్పే జీ, పీజీ, ఆర్, ఎక్స్ అనే రేటింగులు ఉంటాయి. జీ రేటింగ్ ఫొటోలకే అనుమతి ఉన్న సైటులో మిగతావేవీ కనిపించవు.

వాట్సాప్‌లో అవతలివారి డీపీ మాయమైతే బ్లాక్ చేశారని అనుకోవడం తొందరపాటు. వారు ‘కాంటాక్టులకు మాత్రమే’ అని పెట్టుకుని ఉండవచ్చు. అప్పుడు వారి నంబరు మన దగ్గర ఉంటే చాలదు, మన నంబరు వారి ఫోన్లో సేవ్ అయి ఉండాలి.

ఇవన్నీ చూసినా ఫలితం లేకపోతే సైటు నిర్వాహకులకు రాయండి. ‘ఫొటో రావడం లేదు’ అని వదిలేయక, ఏ ఫోన్, ఏ బ్రౌజర్, ఫైలు రకం, దాని సైజు, ఇన్‌కాగ్నిటోలో ఏం కనిపించిందో చెప్పి, ఒక స్క్రీన్‌షాట్ జతచేయండి.