రాజుగారి ద్రాక్ష, కూలివాడి ద్రాక్ష

మనకి ద్రాక్ష అంటే తినే పండు. తెల్లదా నల్లదా, గింజ ఉందా లేదా, పులుపా తీపా, మన బేరం ఇంతవరకే. హైదరాబాదు చుట్టుపక్కల తోటల్లో ఒకప్పుడు వెలిగిన అనాబ్-ఎ-షాహీని తప్ప ద్రాక్షని పేరుపెట్టి అడిగినవాళ్ళని నేను పెద్దగా చూడలేదు. ఇటలీవాడికి అలా కాదు. మనకి బియ్యం ఎలాగో వాడికి ద్రాక్ష అలాగ. ఇంట్లో సన్నబియ్యం వండారా, దొడ్డుబియ్యం వండారా అన్నదాన్ని బట్టి ఇంటి స్థితి అంచనా వేసే అలవాటు మనదైతే, ఏ ద్రాక్ష సీసా తెరిచారో చూసి లెక్కకట్టే అలవాటు వాళ్ళది.

ఈ టపా ఇటలీ వాయవ్యాన ఉన్న పీడ్‌మాంట్ ప్రాంతపు రెండు నల్లద్రాక్షల గురించి. ఒకటి నెబ్బియోలో, రెండోది బార్బెరా. ముందే చెప్పేస్తున్నా, నేను తాగేది తక్కువ, చదివేది ఎక్కువ. కాబట్టి ఏ వైనుతో ఏం తినాలి లాంటి సలహాలు ఇక్కడ దొరకవు. నన్ను పట్టుకున్నది వేరే సంగతి. పక్కపక్క కొండల మీద పెరిగే రెండు తీగల్లో ఒకటి రాజు ఎలా అయింది, రెండోది కూలి ఎలా అయింది? ఆ తేడా పుట్టుకతో వచ్చిందా, మనుషులు పెట్టిందా?

ముందు పుట్టుక సంగతి చూద్దాం. నెబ్బియోలో వసంతంలో అందరికన్నా ముందు చిగురిస్తుంది, అందరికన్నా ఆలస్యంగా, అక్టోబరు దాటబోతుండగా పండుతుంది. పొగమంచుని ఇటాలియన్‌లో నెబ్బియా అంటారు. కోతల రోజుల్లో కొండల్ని కమ్మే మంచు వల్ల ఆ పేరొచ్చిందని కొందరు, పండు మీద బూడిదలా పట్టే తెల్లటి పొర వల్ల వచ్చిందని కొందరు అంటారు. దాని వైను రంగు పల్చన, వగరు మాత్రం నాలుక పీక్కుపోయేంత. ఆ వగరు మెత్తబడడానికి ఏళ్ళు పడుతుంది. అందుకే బరోలో అనే పేరుతో అమ్మే నెబ్బియోలో వైనుని కనీసం 38 నెలలు నిల్వ ఉంచాలని, అందులో 18 నెలలు చెక్క పీపాల్లోనే ఉండాలని ఇటలీలో చట్టమే ఉంది.

బార్బెరా దీనికి పూర్తి రివర్సు. రంగు చిక్కన, వగరు తక్కువ, పులుపు ఎక్కువ. నెబ్బియోలో కంటే ముందే పండుతుంది. ఎక్కడ నాటినా బతుకుతుంది, గంపలకొద్దీ కాస్తుంది. వచ్చే ఏడాదికే తాగేయొచ్చు. ఈ రోజుకీ పీడ్‌మాంట్‌లో అన్నిటికన్నా ఎక్కువగా సాగయ్యే నల్లద్రాక్ష ఇదే. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న మన సామెత దీని కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది.

వంశవృక్షాల్లోనూ తేడా ఉంది. తురిన్ దగ్గరి రివోలి లెక్కల్లో 1268లోనే నెబ్బియోలో పేరు కనిపిస్తుంది. 1431 నాటి లా మొర్రా ఊరి కట్టుబాట్లలో ఈ తీగని నరికితే జరిమానా వేసేవారు. మళ్ళీ మళ్ళీ నరికేవాడికి కుడిచెయ్యి తీసేసేదాకా వెళ్ళేదని కూడా చెబుతారు. డీఎన్‌ఏ పరీక్షల్లో చుట్టుపక్కల పాత రకాలు చాలావాటితో దీనికి తల్లీబిడ్డల చుట్టరికం తేలింది. అంటే ఊళ్ళో పాతకాపు అన్నమాట. బార్బెరాకి అలాంటి చుట్టాలు ఆ ప్రాంతంలో దొరకలేదు. మోన్‌ఫెరాటో చర్చి కౌలు కాగితాల్లో 13వ శతాబ్దంలోనే దీని పేరు ఉందని స్థానికులు గర్వంగా చెప్పుకుంటారు గానీ, ఆ పేరు ఈ ద్రాక్షదేనా అన్నది పండితులు ఒప్పుకోని విషయం. అనుమానం లేకుండా దీన్ని వర్ణించిన మొదటి రాత 1798ది. వలసొచ్చిన కుటుంబంలాగా, ఎప్పుడొచ్చిందో ఎవరికీ తెలీదు, చూసేసరికి ఊరంతా ఉంది.

ఇంతవరకూ చదివితే రాజు రాజుగానే పుట్టాడు కదా అనిపిస్తుంది. ఇక్కడే అసలు కథ.

1787లో థామస్ జెఫర్సన్ తురిన్ వచ్చి నెబ్బియోలో తాగాడు. (అప్పటికి ఆయన ఫ్రాన్సులో అమెరికా రాయబారి, ప్రెసిడెంటు అవడం తర్వాత.) అది తియ్యగా, షాంపేన్‌లా బుడగలతో ఉందని రాసుకున్నాడు. ఈనాటి బరోలో తాగినవాడెవడూ ఆ వర్ణన గుర్తుపట్టలేడు. కారణం సింపులు. పంట ఆలస్యం, అప్పటికి చలి మొదలు. నేలమాళిగలో చలికి పులియడం మధ్యలోనే ఆగిపోయేది. వైనులో చక్కెర మిగిలిపోయేది. ఎండలు వచ్చాక మళ్ళీ పులియడం మొదలై సీసాలో బుడగలు వచ్చేవి. అంటే ఐదొందల ఏళ్ళ వంశచరిత్ర ఉన్న రాజు, 18వ శతాబ్దం చివరికి కూడా ఒక సోడా!

దాన్ని రాజుని చేసింది డబ్బూ, శ్రద్ధా. ఫ్రాన్సులో పుట్టి బరోలో జమీందారు ఇంటికి కోడలిగా వచ్చిన జూలియా కోల్బెర్ట్ ఫలెత్తి ఒకరు. తర్వాత ఏకీకృత ఇటలీకి మొదటి ప్రధానమంత్రి అయిన కవూర్ ఇంకొకరు. ఈయన 1832 నుంచి 1849 దాకా గ్రింజానె అనే చిన్న ఊరికి మేయరు, అక్కడి తోటలు వాళ్ళ కుటుంబానివే. లూయీ ఉదార్ అనే ఫ్రెంచివాడు వచ్చి వీళ్ళకి విద్య నేర్పాడని చాలాకాలం చెప్పుకున్నారు. ఇటీవలి పరిశోధకులు మాత్రం ఆ గొప్ప స్తాలియెనో అనే రిటైరైన సైన్యాధికారికే దక్కాలంటున్నారు. వైను పూర్తిగా పులియనిచ్చి తీపి లేకుండా నిలవుండేలా ఎలా చెయ్యాలో ఆయన 1835లోనే పుస్తకం వేశాడు, కవూర్ తోటల్లో పని చేశాడు. ఆ తర్వాత సవాయ్ రాజవంశం వెర్దూనోలో, ఫొంటనఫ్రెద్దలో సొంత తోటలు పెట్టుకుంది. వైన్లలో రాజు, రాజుల వైను అనే బిరుదు అలా అతుక్కుంది. రాజుగారు తాగారు గనక అది రాజుల వైను అయింది. అంతకుముందు ఆరొందల ఏళ్ళూ ఆ తీగ అక్కడే ఉంది మరి.

బార్బెరాకి ఏం దక్కింది? మిగిలిన నేల. బరోలో కొండల్లో ఒక పాత లెక్కుంది. చలికాలం చివర మంచు ఏ వాలు మీద ముందు కరుగుతుందో, ఆ దక్షిణపు వాలు నెబ్బియోలోకి. నీడ పడే పక్కలు, కింది భాగాలు మిగతావాటికి. వ్యాపారపరంగా తప్పేం లేదు, నెబ్బియోలో మొండిది, ఆ వాలు లేకపోతే పండనే పండదు. బార్బెరా ఎక్కడైనా సర్దుకుపోతుంది. మన ఆఫీసుల్లో చూడ్డంలేదూ? సర్దుకుపోయేవాడికి పదేళ్ళనాటి కోడు మెయింటెనెన్సు, మొండివాడికి కొత్త ప్రోడక్టు. ఏడాది చివర అప్రైజల్‌లో ఇద్దరికీ ఒకటే బెల్ కర్వ్.

ఆ తర్వాత ఫిలాక్సెరా వచ్చింది. అమెరికా నుంచి దిగుమతైన ఈ వేరుపురుగు యూరప్ తోటల్ని తుడిచిపెట్టింది. ఇటలీలో 1879లో బయటపడింది. అమెరికా వేళ్ళ మీద అంటుకట్టి తోటలన్నీ మళ్ళీ నాటాల్సి వచ్చినప్పుడు అప్పుల్లో ఉన్న రైతు ఏది నాటుతాడు? త్వరగా, ఎక్కువగా, తప్పకుండా కాసేదే కదా. అలా బార్బెరా కొండలకి కొండలే ఆక్రమించింది. తురిన్ ఫ్యాక్టరీ కూలీలకి పెద్ద పెద్ద గాజు బుడ్లలో చేరింది. పనివాడి భోజనంలో మంచినీళ్ళ పక్కన అదీ ఒకటి. జార్జియో గాబర్ పాట ఒకటుంది, 'బార్బెరా ఎ షాంపాన్' అని. అందులో బార్బెరా అంటే పేదవాడు, షాంపేన్ అంటే డబ్బున్నవాడు. విడిగా చెప్పక్కర్లేదు, వినేవాడికి పేర్లే చాలు.

అన్నట్టు, బరోలో అంటే ఇవాళ మనకి కోటీశ్వరుల వైను గానీ, రెండో ప్రపంచయుద్ధం తర్వాత కూడా ఆ కొండల రైతులు బీదవాళ్ళే. బెప్పె ఫెనోలియో 1954లో రాసిన 'లా మలోరా' నవల నిండా ఆ దరిద్రమే. పిల్లలు పొలాలు వదిలి తురిన్‌లో ఫియట్‌కి, ఆల్బాలో ఫెరెరోకి పోయారు. మన పిల్లలు రొట్టెకి రాసుకునే నుటెల్లా ఆ ఫెరెరోదే. రాజుని పెంచినవాడు కూడా కూలివాడేనన్నమాట.

ఇక 1986. మార్చిలో ఇటలీలో చవక వైను తాగినవాళ్ళు వరసగా చనిపోవడం మొదలైంది. కొందరికి చూపు పోయింది. తేలిందేమిటంటే వైనులో మిథైల్ ఆల్కహాల్. మన పేపర్లలో కల్తీసారా వార్తలు చదివినవాళ్ళకి వివరించక్కర్లేదు, అదే విషం, అదే చావు. 20 మందికి పైగా పోయారు. పల్చటి వైను బలం ఎక్కువున్నట్టు కనిపిస్తే రేటు ఎక్కువ. 1984లో మిథైల్ ఆల్కహాల్ మీద పన్ను తీసేయడంతో అది కారుచౌక అయింది. దాన్ని కలిపేశారు. ఈ వ్యవహారంలో అందరి నోళ్ళలో నానిన పేరు బార్బెరా, ఎందుకంటే చనిపోయినవాళ్ళు కొన్న చవక సీసాల మీద ఉన్న పేరు అదే. ఇటలీ వైను ఎగుమతులు ఆ ఏడాది ఘోరంగా పడిపోయాయి.

గమనించండి, విషం కలిపింది మనుషులు. పేరు పోయింది ద్రాక్షకి. పోయిన ప్రాణాలు ఎవరివి? సూపర్‌మార్కెట్‌లో అన్నిటికన్నా చవక సీసా ఎంచుకునేవాళ్ళవి. కూలివాడి సరుకుని ఎవరూ తనిఖీ చెయ్యరు. దాని ధర తక్కువ కాబట్టి దాని మీద శ్రద్ధ తక్కువ, శ్రద్ధ తక్కువ కాబట్టి ధర తక్కువ. ఈ లూపుకి ఎగ్జిట్ కండిషన్ లేదు.

ఆ లూపుని బ్రేక్ చేసిన మనిషి అప్పటికే ఒకడున్నాడు. రోకెత్తా తానారో ఊరివాడు, పేరు జాకొమో బొలోన్యా. అందరూ నెబ్బియోలోకి చేసే మర్యాదలన్నీ ఈయన బార్బెరాకి చేశాడు. తీగకి గుత్తులు తగ్గించాడు. బాగా పండేదాకా ఆగాడు. కొరికే పులుపుని మెత్తటి పులుపుగా మార్చే రెండో పులియబెట్టడం పూర్తయ్యేలా చూశాడు. ఫ్రెంచి ఓక్ పీపాల్లో పెట్టాడు. బార్బెరాలో లేని వగరుని కొత్త చెక్క కొంత ఇస్తుంది. 1982 పంటతో చేసిన ఆ వైను పేరు 'బ్రికో దెల్ ఉచ్చెల్లోనె'. ఆ తోట పక్కనే ఎప్పుడూ నల్లబట్టలు కట్టుకునే ఒక ముసలమ్మ ఉండేదట, ఊళ్ళోవాళ్ళు ఆమెని పెద్దపిట్ట అనేవారు. ఆ పిట్ట పేరే వైనుకి పెట్టాడు. మిథైల్ చావుల తర్వాత బార్బెరా పని అయిపోయిందని అందరూ అనుకుంటున్నప్పుడు, కాదని చూపించడానికి ఈ సీసా ఉంది. ఆయన 1990లో పోయాడు.

సరిగ్గా అదే రోజుల్లో రాజుగారి కోటలోనూ గొడవే. లా మొర్రాలో ఎలియో అల్తారె అనే కుర్రాడు 1983లో రంపం పట్టుకుని వాళ్ళ నాన్న పాత పీపాల్ని కోసేశాడు, చిన్న ఫ్రెంచి పీపాలు తేవడానికి. నాన్న ఆస్తిలోంచి పేరు కొట్టేశాడు. అంటే ఇన్ని బిరుదులున్నా నెబ్బియోలోకి కూడా ఒక తరం వచ్చి మళ్ళీ శ్రద్ధ పెట్టాల్సొచ్చింది.

చివరి సాక్ష్యం నిజ్జా. అస్తి దగ్గర 18 ఊళ్ళకి 2014లో ఈ పేరుతో ఇటలీ అత్యున్నత వైను హోదా వచ్చింది. నూటికి నూరుపాళ్ళూ బార్బెరాయే వాడాలి, 18 నెలలు నిల్వ ఉంచాలి, తోటలు దక్షిణం వైపు వాలు మీదే ఉండాలి. చూశారా, ముందు మంచు కరిగే వాలు! అది చేతికి రావడానికి బార్బెరాకి ఇన్నేళ్ళు పట్టింది.

ఇంత చెప్పి రెండూ సమానమే అంటానా? అనను. నెబ్బియోలోలో వగరు నిజం, ముప్ఫై నలభై ఏళ్ళు నిలవగలిగే దాని సత్తా నిజం. బార్బెరాకి అది రాదు, పీపా ఎంత మంచిదైనా సరే. కానీ తేడా వేరు, హెచ్చుతగ్గు వేరు. వగరు ఎక్కువ అన్నది ప్రకృతి చెప్పిన మాట. వగరున్నదే గొప్ప అన్నది మనిషి చెప్పిన మాట. చరిత్ర పుస్తకాల్లో ఈ రెండూ ఒకే వాక్యంలో కలిసిపోయి వస్తాయి, మనం రెండూ ప్రకృతి ఖాతాలోనే రాసేసుకుంటాం.

మెరిట్ అనే మాట మన ఫీల్డులో రోజుకి పదిసార్లు వాడతాం. వాడొద్దని నేననను. వాడేముందు ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలంటాను: వీడికి ఏ వాలు దొరికింది? నెబ్బియోలోకి దక్షిణపు వాలూ, ప్రధానమంత్రులూ, రాజులూ, చట్టాలూ దొరికాయి. బార్బెరాకి నీడా, గాజు బుడ్లూ, విషం కలిపేవాళ్ళూ దొరికారు. వాలు మార్చి చూస్తే ఏమవుతుందో తెలియడానికి ఒక బొలోన్యా కావాల్సొచ్చింది. మీ టీములో ఆ బొలోన్యా ఎవరు?