పూసకట్టిన ఉక్కు

మనామాకి పడమట, జిదాఫ్స్‌లో మేముండే సందులో మోర్తాడ్ వైపు నుంచి వచ్చిన కుర్రాడు ఒకడున్నాడు. వెల్డింగు పని చేస్తాడు. మొన్న శుక్రవారం పొద్దున చాయ్ తాగుతూ తన ఫోన్ నా చేతిలో పెట్టాడు. "అన్నా, కోనసముద్రం మా ఊరికి దగ్గర్నే. గక్కడి కమ్మరోళ్లు వందల ఏండ్ల కిందనే నానో టెక్నాలజీ చేసిండ్రంట. నిజమేనా?"

ఇలాంటి సందేశాలు మీకూ వచ్చే ఉంటాయి. వీటిని చూడగానే పొంగిపోయేవాళ్ళు కొందరు, కొట్టిపారేసేవాళ్ళు కొందరు. ఆ అబ్బాయి అడిగింది మాత్రం తెలుసుకోవాలని. అందుకే అప్పటికప్పుడు అవుననీ కాదనీ చెప్పలేకపోయాను. అసలు కథ ఆ రెండిటికంటే బాగుంటుంది.

నిజామాబాద్ జిల్లాలో, కమ్మర్‌పల్లి దగ్గర ఉంది కోనసముద్రం. 1820ల్లో లాంబ్టన్ సర్వే బృందంలో వైద్యుడిగా, భూగర్భ శాస్త్రవేత్తగా పనిచేసిన హెన్రీ వాయిసీ అక్కడి కొలుములు చూసి వివరంగా రాసిపెట్టాడు. ఆయన 1824లో చనిపోయాడు, ఆ రాత 1832లో అచ్చయింది. రెండు చోట్ల నుంచి తెచ్చిన రెండు రకాల ఇనుమును తూకం ప్రకారం కలిపేవారు. మట్టి మూసలో పెట్టి మూతి మూసేసి, దాదాపు ఒక పగలూ రాత్రీ కాచేవారు. మూసల మట్టిలో వరిపొట్టు కలిపేవారు. ఆ పొట్టు కాలి మిగిలిన బూడిదే మూసకి అంత వేడి తట్టుకునే బలం ఇచ్చేది. కరిగిన లోహాన్ని తొందరపడి బయటికి తీయకుండా చల్లారనిచ్చేవారు. తర్వాత ముద్దకి మట్టి పూసి మళ్ళీ మళ్ళీ కాచేవారు.

వాయిసీ వెళ్ళేసరికి అక్కడ ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడు కూర్చుని ఉన్నాడు. తూకం దగ్గర నిలబడి, ముద్దలు పరీక్షించేదాకా ఉండి, సరుకు తీసుకువెళ్ళేవాళ్ళు ఆ వర్తకులు. ఈ పద్ధతి తమ దేశంలో చేసి చూశామనీ, కుదరలేదనీ ఆయనే వాయిసీతో చెప్పాడు. ఆ వ్యాపారం అప్పటికే పాతది. 17వ శతాబ్దంలో మచిలీపట్నానికీ బందర్ అబ్బాస్‌కీ మధ్య ఓడలు తిరిగేవి. మేమున్న ఈ దీవి కూడా 1602 నుంచి పర్షియా సఫవీల ఏలుబడిలోనే ఉండేది. గోల్కొండ ఉక్కుతో పర్షియాలో కత్తులు చేసేవారని టావెర్నియే కూడా రాశాడు.

ఆ కత్తుల మీద నీటి అలల్లాంటి గీతలుంటాయి. వాటినే డమాస్కస్ కత్తులంటారు. ఇస్ఫహాన్‌కి చెందిన అసదుల్లా పేరున్న 17వ శతాబ్దపు కత్తి ఒకటి స్విట్జర్లాండులోని బెర్న్ మ్యూజియంలో ఉంది. అందులోంచి చిన్న ముక్క తీసుకుని జర్మనీలోని డ్రెస్డెన్‌లో పీటర్ పౌఫ్లర్ బృందం ఆమ్లంలో కరిగించి చూసింది. మిగిలినదాంట్లో కార్బన్ నానోగొట్టాలు, వాటి లోపల సిమెంటైట్ అనే ఇనుప కార్బైడు తీగలు కనబడ్డాయని 2006లో 'నేచర్' పత్రికలో ప్రకటించారు. ఒక మిల్లీమీటరులో 10 లక్షల నానోమీటర్లు. ఆ గొట్టాల పొరల మధ్య దూరం నానోమీటరులో మూడో వంతు. మన కుర్రాడి ఫోన్‌లోకి వచ్చిన సందేశానికి మూలం ఇదే. ఆ కత్తికి వాడిన ముద్ద కోనసముద్రానిదేనని మాత్రం ఆ వ్యాసం చెప్పలేదు.

ఇంతకీ నానోకణాలు 'చేయడం' అంటే ఏమిటి? అంత చిన్నవాటిని సుత్తితో కొట్టి చేయలేం. వాటంతట అవి పెరగాలి, మనం అదుపు చెయ్యాలి. నెయ్యి కాచి నెమ్మదిగా చల్లారనిస్తే పెద్ద పూస కడుతుంది. తొందరగా చల్లబరిస్తే సన్నగా పేరుకుంటుంది. మొదట పుట్టే విత్తులు తక్కువైతే ఒక్కొక్కటీ పెద్దగా పెరుగుతుంది, ఎక్కువైతే అన్నీ చిన్నవిగానే ఆగిపోతాయి. పరిమాణం అదుపు చేయడంలో ఉన్న కీలకం ఇదే. ఆకారం సంగతి వేరు. పొట్లకాయ నిటారుగా దిగాలని చివర రాయి కడతాం కదా, అలాగే స్ఫటికానికున్న కొన్ని ముఖాల మీద ఏదో ఒక అణువు అంటుకునేలా చేస్తే అటు పెరుగుదల తగ్గి, మిగిలిన దిక్కుల్లో పెరుగుతుంది. అలా కడ్డీలు, ఘనాలు తయారవుతాయి.

ఈ రెండు కథల్లోనూ ఉన్న మనిషి ఒకడున్నాడు: మైకేల్ ఫారడే. కమ్మరి కొడుకు. 1819లో ఆయన మన ఉక్కును విశ్లేషించాడు. ఇంగ్లీషువాళ్ళు దాన్ని 'వూట్జ్' అనేవారు. ఆ మాట మన 'ఉక్కు' నుంచే వచ్చిందని ఎక్కువమంది అభిప్రాయం. ఆ ఉక్కు గొప్పతనానికి అందులోని అల్యూమినియం కారణమనుకున్నాడు ఫారడే. అది పొరపాటు. అదే ఫారడే 1856లో బంగారు లవణంలో ఫాస్ఫరస్ కలిపి కెంపు రంగు ద్రావణం చేశాడు. ఆ రంగు కంటికి కనబడనంత చిన్న బంగారు కణాల వల్ల వచ్చిందని 1857లో చెప్పాడు. ఆ సీసాలు ఇప్పటికీ లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఉన్నాయి.

తర్వాత కథ వేగంగా నడిచింది. 1951లో టర్కెవిచ్ సిట్రేటుతో సుమారు 20 నానోమీటర్ల బంగారు కణాలు చేశాడు. 1973లో ఫ్రెన్స్ సిట్రేటు పాలు మార్చి 16 నుంచి 150 నానోమీటర్ల దాకా కావలసిన పరిమాణం రాబట్టాడు. 1993లో బావెండి బృందం వేడి ద్రావణంలోకి రసాయనాలను ఒక్కసారిగా చిమ్మి, విత్తులన్నీ ఒకేసారి పుట్టేలా చేసింది. దానికే ఆయనకు బ్రూస్, ఎకిమోవ్‌లతో కలిపి 2023 నోబెల్ వచ్చింది.

మరి మన కమ్మరులో? వాళ్ళు నిదానంగా చల్లార్చారు, మళ్ళీ మళ్ళీ కాచారు, తూకం తప్పలేదు. అదంతా అదుపే. అయితే ఆ అదుపులో ఒక భాగం వాళ్ళ చేతిలో లేదు, రాయిలో ఉంది. 1998లో అమెరికాలో వెర్హోవెన్ అనే లోహశాస్త్రవేత్త, పెండ్రే అనే కత్తుల కమ్మరి కలిసి చేసి చూపిందేమిటంటే, ఉక్కులో పిసరంత, లక్షలో మూడు నాలుగు పాళ్ళు వనేడియంలాంటి లోహం ఉంటేనే ఆ అలలు వస్తాయి. సిమెంటైటు రేణువులు వరసకట్టేది దాని వల్లే. ఆ ఖనిజం అయిపోయి వేరేది వస్తే పద్ధతి అదే, చెయ్యి అదే, అలలు మాత్రం రావు. ఎందుకు రాలేదో ఆ కమ్మరికి తెలిసే దారి లేదు. తన తండ్రి చెప్పినదాంట్లో తనే ఏదో మరిచిపోయానని అనుకుని ఉంటాడు. ఈ ఊహ నన్ను చాలా బాధపెట్టింది.

దానికి తోడు 1856లోనే, ఫారడే బంగారంతో తంటాలు పడుతున్న ఏడే, బెస్సెమర్ చౌక ఉక్కు పద్ధతి ప్రకటించాడు. విదేశీ ఉక్కు దిగింది, బొగ్గుకి అడవి దొరకడం కష్టమైంది, కొలుములు ఆరిపోయాయి. ఎస్. జైకిషన్ ఏళ్ళ తరబడి ఉత్తర తెలంగాణ ఊళ్ళలో తిరిగి వాటి ఆనవాళ్ళు నమోదు చేశాడు. 2010లో జిల్ జూలెఫ్, శారదా శ్రీనివాసన్, ఎస్. రంగనాథన్‌లతో కలిసి పెద్ద సర్వే జరిగింది. చిట్టెపు దిబ్బలు, మూస పెంకులు ఇంకా అక్కడున్నాయి.

అందుకే ఆ అబ్బాయికి ఇలా చెప్పాను: వాళ్ళు నానో శాస్త్రం చేయలేదు. శాస్త్రమంటే తప్పినప్పుడు ఎందుకు తప్పిందో చెప్పగలగడం. కానీ వాళ్ళు చేసిన పని ఆ శాస్త్రానికే ఇంకా పాఠం చెబుతోంది. లేని బిరుదు తగిలిస్తే వాళ్ళకున్న అసలు పేరు మరుగునపడుతుంది.

కాసేపు ఆలోచించి అన్నాడు: "గంటే అన్నా, అప్పుడు ఈ సముద్రం దాటి వీళ్ళే మన కొలిమి కాడికొచ్చి కూసునేటోళ్లన్నట్టు."

అవునన్నాను. గ్లాసు కింద పెట్టి, మర్నాటి డ్యూటీ బట్టలు ఉతుక్కోవడానికి వెళ్ళాడు.