నవంబరు 1 (చరిత్రలో)

గ్రిగోరియన్ క్యాలెండరులో 305వ రోజు; లీపు సంవత్సరమైతే 306వది. పాశ్చాత్య క్రైస్తవ సంప్రదాయంలో సకల పునీతుల పండుగ. భారతదేశంలో ఈ తేదీకి వచ్చిన ప్రాధాన్యం చాలావరకు రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ వల్లనే. ఆంధ్రప్రదేశ్, కేరళ, కర్ణాటక, మధ్యప్రదేశ్, హర్యానా, ఛత్తీస్‌గఢ్ ఈ రోజున అవతరణ దినోత్సవం జరుపుకుంటాయి. పంజాబు ఇప్పటి సరిహద్దులు కూడా చాలావరకు ఈ తేదీకే చెందుతాయి. ఈ పోలిక యాదృచ్ఛికం కాదు. చట్టం ఫలానా రోజు నుంచి అమల్లోకి వస్తుందని నిర్ణయించేటప్పుడు, జీతాలు, ఖజానా లెక్కలు, ఉద్యోగుల పంపకం దృష్ట్యా నెల మొదటి తేదీని ఎంచుకోవడం పరిపాలనకు సులువు. కాబట్టి ఈ తేదీ కింద చేరే సంఘటనల్లో ముందే నిర్ణయించినవీ, అనుకోకుండా ఆ రోజున సంభవించినవీ వేరువేరుగా చూడాలి.

తేదీల విషయంలో ఇంకో జాగ్రత్త అవసరం. రోములో సిస్టీన్ ప్రార్థనాలయపు పైకప్పు మీద మైకెలాంజిలో చిత్రాలను 1512 నవంబరు 1న ప్రజలకు చూపించారని సాధారణంగా రాస్తారు. ముందురోజు సాయంకాల ప్రార్థనతోనే ఆవిష్కరణ జరిగిందని చెప్పేవారూ ఉన్నారు. షేక్‌స్పియర్ ‘ఒథెల్లో’ లండన్ రాజభవనంలో 1604 నవంబరు 1న ప్రదర్శితమైనట్టు ఆస్థాన వినోదాల లెక్కల పుస్తకంలో ఉంది. 19వ శతాబ్దంలో ఆ పత్రాలు కూటసృష్టి అన్న అనుమానం బలంగా నడిచింది కాని, తర్వాతి పరిశోధకులు వాటిని అసలైనవిగానే అంగీకరించారు. అయితే ఈ రెండూ జూలియన్ లెక్క తేదీలు. నేటి లెక్కలోకి మారిస్తే రెండూ నవంబరు 11 అవుతాయి.

తెలుగు నేలకు సంబంధించి ఈ జాబితాలో 19వ శతాబ్దానికి ముందరి సంఘటన చేర్చకపోవడానికి కారణం కూడా ఇలాంటిదే. మన శాసనాలు శక సంవత్సరం, మాసం, తిథి, వారం చెబుతాయి. శక సంవత్సరం గతమా, వర్తమానమా అన్నది తేలకపోతే ఏడాది తేడా వస్తుంది. ఎల్.డి. స్వామికన్ను పిళ్ళై పంచాంగ పట్టికలు వచ్చాక ఈ మార్పిడి సులువైనా, వారమూ తిథీ పొసగని శాసనాలు ఇంకా ఉన్నాయి.

విక్టోరియా ప్రకటన, 1858

ఈస్టిండియా కంపెనీ పాలన ముగిసిన తేదీగా కొన్ని పుస్తకాలు 1858 ఆగస్టు 2నూ, కొన్ని నవంబరు 1నూ ఇస్తాయి. మొదటిది బ్రిటిష్ పార్లమెంటు చట్టానికి రాణి ఆమోదముద్ర పడిన రోజు. రెండోది గవర్నర్ జనరల్ కానింగ్ అలహాబాదులో రాణి ప్రకటన చదివిన రోజు. ఆ ప్రకటన ఇతర ముఖ్య పట్టణాల్లోనూ, దేశభాషల అనువాదాలతోనూ వినిపించారు. పాలన మారిందని ప్రజలకు తెలిసిన రోజుగా నవంబరు 1ని తీసుకోవడమే మేలనిపిస్తుంది. మత విషయాల్లో జోక్యం చేసుకోబోమనీ, సంస్థానాధీశుల ఒప్పందాలను గౌరవిస్తామనీ, బ్రిటిష్ ప్రజల హత్యల్లో పాల్గొన్నవారు తప్ప మిగిలిన తిరుగుబాటుదారులకు క్షమాభిక్ష ఉంటుందనీ అందులో హామీలున్నాయి. అవధ్ బేగం హజ్రత్ మహల్ ఈ హామీలను నమ్మవద్దంటూ ప్రతిప్రకటన జారీ చేశారు. ఆ ప్రతిప్రకటనకు మన పాఠ్యపుస్తకాల్లో దక్కిన చోటు చాలా తక్కువ.

1913 నవంబరు 1న శాన్‌ఫ్రాన్సిస్కోలో ‘గదర్’ పత్రిక తొలి సంచిక ఉర్దూలో వెలువడింది. లాలా హరదయాళ్, కర్తార్ సింగ్ సరాభా దాని వెనుక ముఖ్యులు. ఆ ఉద్యమంలో పాల్గొన్న తెలుగువాడు దరిశి చెంచయ్య. ఆయన స్వీయచరిత్ర ‘నేనూ-నా దేశం’ గదర్ చరిత్రకు తెలుగులో ఉన్న విలువైన ఆధారం.

ఫ్రెంచి స్థావరాల అప్పగింత, 1954

పుదుచ్చేరి, కారైక్కాల్, మాహే, యానాంల పాలన 1954 నవంబరు 1న భారత ప్రభుత్వం చేతికి వచ్చింది. ఫ్రాన్సు తరఫున పియర్ లాండీ అప్పగించగా, భారత్ తరఫున కేవల్ సింగ్ స్వీకరించారు. అంతకుముందు అక్టోబరు 18న కిళూరులో ఓటింగు జరిగింది. 178 మంది ప్రజాప్రతినిధుల్లో 170 మంది విలీనాన్ని కోరగా, 8 మంది వ్యతిరేకించారు. మూడు రోజుల తర్వాత ఢిల్లీలో ఒప్పందం కుదిరింది. అది వాస్తవాధికార మార్పిడి మాత్రమే. చట్టబద్ధమైన బదిలీ, 1956 నాటి సంధిని ఫ్రెంచి పార్లమెంటు ఆమోదించాక, 1962 ఆగస్టు 16న పూర్తయింది.

యానాం సంగతి కొంత వేరు. దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో అక్కడి ఫ్రెంచి అధికారాన్ని 1954 జూన్ 13ననే తొలగించారు. అందుచేత యానాంకు జూన్ 13, నవంబరు 1, ఆగస్టు 16 అని మూడు తేదీలున్నాయి. స్థానిక పోరాటానికి సంబంధించినంతవరకు మొదటిదే ముఖ్యం. పుదుచ్చేరి చరిత్ర రాసేవారు దాన్ని ఒక వాక్యంలో దాటేయడం న్యాయం కాదు.

రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ, 1956

ఫజల్ అలీ, కుంజ్రూ, పణిక్కర్‌ల సంఘం 1955 సెప్టెంబరులో నివేదిక ఇచ్చింది. తెలంగాణను ప్రస్తుతానికి ప్రత్యేక రాష్ట్రంగా ఉంచి, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత ఆ శాసనసభ మూడింట రెండు వంతుల మెజారిటీతో కోరితే ఆంధ్రతో కలపవచ్చని సంఘం సూచించింది. ఆ సూచన అమలు కాలేదు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో రెండు ప్రాంతాల నాయకుల మధ్య పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది. నవంబరు 1న హైదరాబాదులో నెహ్రూ కొత్త రాష్ట్రాన్ని ప్రారంభించారు. నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రి, సి.ఎం. త్రివేది గవర్నరు. రాజప్రముఖ్ పదవి రద్దు కావడంతో మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ అధికారిక హోదా ముగిసింది. బూర్గుల రామకృష్ణారావు ఆ నెలలోనే కేరళ గవర్నరుగా వెళ్ళారు.

తెలంగాణ తొమ్మిది జిల్లాలు ఉన్నవి ఉన్నట్టుగా కలిశాయని రాయడం పరిపాటి. అది స్థూలంగానే నిజం. గుల్బర్గా జిల్లా నుంచి తాండూరు, కొడంగల్ తాలూకాలు, రాయచూరు నుంచి గద్వాల, ఆలంపూరు, నాందేడ్ నుంచి ముధోల్ పరిసరాలు ఇటు వచ్చాయి. ఆదిలాబాదు జిల్లాలోని రాజురా, కిన్వట్ తాలూకాలు బొంబాయి రాష్ట్రంలోకి పోయాయి. మరాఠ్వాడా కూడా బొంబాయిలోకే వెళ్ళగా, మిగిలిన కన్నడ ప్రాంతాలు మైసూరుకు దక్కాయి. హైదరాబాదు రాష్ట్రం దేశపటం నుంచి లేకుండా పోయింది.

చట్టపాఠాన్ని చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. పునర్వ్యవస్థీకరణ చట్టం ప్రకారం కేరళ, మైసూరు కొత్తగా ఏర్పడిన రాష్ట్రాలు. ఆంధ్రప్రదేశ్ అలా కాదు. తెలంగాణ ప్రాంతాలను ఆంధ్ర రాష్ట్రానికి చేర్చి, ఆ రాష్ట్రం పేరును ఆంధ్రప్రదేశ్‌గా మార్చారు. ఆంధ్ర రాష్ట్రం కర్నూలు రాజధానిగా 1953 అక్టోబరు 1న ఏర్పడింది. పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న మొదలుపెట్టి డిసెంబరు 15 రాత్రి ప్రాణాలర్పించిన దీక్ష ఫలితం ఆ రాష్ట్రమే. ఆయన త్యాగాన్ని నవంబరు 1తో నేరుగా ముడిపెట్టే వ్యాసాలు ఈ రెండు ఘట్టాలనూ కలిపేస్తున్నాయి.

ఈ తేదీని అందరూ ఒకేలా చూడలేదు. ప్రత్యేక రాష్ట్రవాదులు తెలంగాణలో నవంబరు 1ని విద్రోహ దినంగా పాటించారు. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడ్డాక, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కొన్నేళ్ళు అవతరణోత్సవం మాని, జూన్ 2న నవనిర్మాణ దీక్ష చేపట్టింది. 2019లో నవంబరు 1 ఉత్సవం తిరిగి మొదలైంది. అక్టోబరు 1నే జరపాలన్న వాదన కూడా ఉంది. 1953 చట్టమూ 1956 చట్టమూ పక్కపక్కన పెట్టి చదివితే ఆ వాదనకు బలమైన ఆధారమే కనిపిస్తుంది.

అదే రోజున మధ్యప్రదేశ్ రూపం మారింది, కన్యాకుమారి మద్రాసు రాష్ట్రానికి దక్కింది, ఢిల్లీ కేంద్రపాలిత ప్రాంతమయింది. మైసూరు పేరు కర్ణాటకగా మారింది 1973 నవంబరు 1న. ఛత్తీస్‌గఢ్ 2000లో ఏర్పడింది.

విశాఖపట్నం, 1966

పంజాబును విభజించి హర్యానాను ఏర్పరచిన రోజే, ఆంధ్రప్రదేశ్ పదో అవతరణ దినాన, విశాఖలో పోలీసు కాల్పులు జరిగాయి. ఉక్కు కర్మాగారానికి విశాఖ అనువైన స్థలమని ఆంగ్లో-అమెరికన్ నిపుణుల బృందం 1965లో సిఫారసు చేసినా కేంద్రం నిర్ణయం తీసుకోలేదు. టి. అమృతరావు అక్టోబరు 15న నిరాహారదీక్ష మొదలుపెట్టడంతో ‘విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు’ అన్న నినాదం రాష్ట్రమంతటా వ్యాపించింది. ఆనాడు విశాఖలో తొమ్మిదిమంది మరణించారని కొన్ని రచనలు, అంతకంటే ఎక్కువని మరికొన్ని చెబుతాయి. ఉద్యమం మొత్తం మీద రాష్ట్రంలో 32 మంది అన్న లెక్క విస్తృతంగా ప్రచారంలో ఉంది. మృతుల్లో చిన్నపిల్లవాడు కూడా ఉన్నాడు. కర్మాగారం ప్రకటన 1970 ఏప్రిల్‌లో, శంకుస్థాపన 1971 జనవరి 20న జరిగాయి. ఆనాటి మృతులను అవతరణోత్సవ ప్రసంగాల్లో తలచుకోవడం ప్రభుత్వాల కనీస బాధ్యత.

ఇతర దేశాల్లో

1755లో లిస్బన్ భూకంపం. పండుగ ఉదయం చర్చీలు నిండి ఉన్న వేళ వచ్చింది. తర్వాత సునామీ, అగ్నిప్రమాదాలు. మృతుల అంచనాలు పదివేల నుంచి అరవైవేలు, అంతకు పైదాకా ఉన్నాయి. మంత్రి పొంబాల్ ప్రతి పారిష్‌కూ ప్రశ్నావళి పంపి ప్రకంపనల వివరాలు సేకరించడం భూకంప అధ్యయనానికి తొలి మెట్లలో ఒకటి.

1952లో పసిఫిక్‌లోని ఎనెవెటాక్ దీవుల్లో అమెరికా తొలి హైడ్రోజన్ బాంబు పరీక్ష. తీవ్రత 10.4 మెగాటన్నులు. ఎలుగెలాబ్ దీవి కనుమరుగైంది. స్థానిక కాలం ప్రకారమే ఇది నవంబరు 1. గ్రీన్‌విచ్ కాలం ప్రకారం అక్టోబరు 31.

1954లో అల్జీరియా స్వాతంత్ర్య యుద్ధం మొదలైంది. 1993లో మాస్ట్రిక్ట్ సంధి అమలుతో ఐరోపా సమాఖ్య ఏర్పడింది.

జననాలు

1897: దేవులపల్లి కృష్ణశాస్త్రి, కవి. 1974: వి.వి.ఎస్. లక్ష్మణ్, క్రికెట్ ఆటగాడు, హైదరాబాదు.