ముల్లు దిగింది

పల్నాటి నేల కింద సున్నపురాయి. పిడుగురాళ్ల, దాచేపల్లి పక్క బోరు వేస్తే పడే నీళ్లలో ఆ రాయి కరిగి ఉంటుంది. పప్పు ఓ పట్టాన ఉడకదు, సబ్బు నురగ రాదు, నీళ్లు కాచే గుండిగ అడుగున తెల్లటి పొర పేరుకుంటుంది. మనుషులు ఆ నీళ్లకి అలవాటు పడిపోయారు. మా మేనమామ అంబాసిడర్ పడలేకపోయింది.

మార్క్ 4 పెట్రోలు బండి అది. మామయ్య దాన్ని సెకండ్ హ్యాండులో కొని టాక్సీగా తిప్పాడు. నరసరావుపేట, మాచర్ల, నాగార్జునసాగర్, పెళ్లిళ్ల సీజన్లో గుంటూరు, విజయవాడ. ముందు సీట్లో ముగ్గురు, వెనక నలుగురు, వాళ్ల ఒళ్లో పిల్లలు, డిక్కీ నిండా సామాను. ఎప్పుడూ అంత బరువే, ఎప్పుడూ ఆ రోడ్లే. అది ఏనాడూ దారిలో వదిలెయ్యలేదని మామయ్య చెప్పుకునేవాడు, చాలా ఏళ్లు అది నిజమే.

వంశం చూస్తే దొడ్డదే. ఇంగ్లండులో ఆస్టిన్ వాళ్లు రూపొందించిన బి-సిరీస్ ఇంజన్, 1489 సీసీ, నాలుగు సిలిండర్లు. బ్లాకూ హెడ్డూ రెండూ పోత ఇనుమే. ఇదే ఇంజన్‌కి ఇంకాస్త బలం ఎక్కించి ఎమ్‌జీఏ అనే స్పోర్ట్స్ కారులో పెట్టారు. మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌ని హిందుస్థాన్ మోటార్స్ తెచ్చి, 1950ల చివర్లో బెంగాల్లోని ఉత్తరపారాలో అంబాసిడర్ అని పేరుపెట్టి తయారుచెయ్యడం మొదలుపెట్టింది. ఇంగ్లండు చలికి పుట్టిన ఇంజన్ మాచర్ల రోడ్డు మీద మే నెల ఎండలో ఇన్నేళ్లు తిరిగిందంటే, దాన్ని గీసినవాళ్లకి దణ్ణం పెట్టాల్సిందే.

మొదటి జబ్బు ఒక ఎండాకాలం కనిపించింది. ఊళ్లో తిరిగినంతసేపూ వేడి చూపే ముల్లు మధ్యలోనే ఉండేది. హైవే ఎక్కి వేగం అందుకున్నా, ఏదైనా ఎత్తు ఎక్కినా పైకి పాకేది. రోగం ఎక్కడుందో చెప్పే గుర్తు ఆ మొదటిరోజే దొరికింది. బండి ఆగి ఉన్నప్పుడో, ట్రాఫిక్‌లో నత్తనడక నడిచేటప్పుడో వేడెక్కితే ఫ్యాన్ గాలి చాలడం లేదని అర్థం. ఊళ్లో బాగుండి, బరువు మీద పడ్డప్పుడే వేడెక్కుతోందంటే గాలికి లోటు లేదు. లోపల పుట్టే వేడిని నీళ్లు పూర్తిగా బయటికి మోసుకురాలేకపోతున్నాయి. నీటి దారి ఎక్కడో మూసుకుపోతోంది. లేదా ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి జరిగి, లోపల పూర్తికావాల్సిన మంట ఎగ్జాస్ట్ దారిలో కాలుతోంది.

మొదటి మెకానిక్ ఫ్యాన్ బెల్టు మార్చాడు. పాతది పగుళ్లిచ్చి ఉంది, మార్చాల్సిందే, కాదనను. కానీ రోగం బెల్టుది కాదు.

రెండో షెడ్డులో థర్మోస్టాట్ పీకేశారు. మన దగ్గర పాతబండి వేడెక్కుతోందంటే మొదట చేసేది ఈ ఆపరేషనే. "మన ఎండలకి ఇదెందుకన్నా, చలిదేశాల వాళ్లకి గాని" అని దాన్ని పాత సామాను డబ్బాలో పడేశారు. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపూ రేడియేటర్‌కి వెళ్లే దారి మూసి ఉంచి, దాదాపు ఎనభై డిగ్రీలు దాటాక తెరిచే చిన్న కవాటం అది. అది తెరుచుకోకుండా బిగుసుకుపోయి ఉంటే తియ్యడంలో అర్థం ఉంది. వేడినీళ్ల గిన్నెలో వేసి చూస్తే తెరుచుకుంటోందో లేదో రెండు నిమిషాల్లో తేలుతుంది. ఎవరూ వేసి చూడలేదు. ఆ చలికాలమంతా పొద్దున్నపూట ఇంజన్ వేడందుకోక మొరాయించింది. ఆవిరికాని పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేసింది. పిస్టన్ రింగులు అరగడం అప్పుడే మొదలైంది. ఎండాకాలం రాగానే ముల్లు మళ్లీ పైకి పాకింది.

తర్వాత రేడియేటర్ విప్పారు. పైతొట్టి ఊడదీసి ఇత్తడి గొట్టాల్లో సన్నటి చువ్వ దూర్చి శుభ్రం చేస్తే తెల్లటి పొడీ తుప్పూ కలిసి రాలాయి. దాంతో ఒక వేసవి గట్టెక్కింది. మామయ్య సంబరపడ్డాడు. సగం రోగం అక్కడుంది మరి. మిగతా సగం బ్లాకులో ఉంది. రేడియేటర్ గొట్టాల్లో ఇంత పేరుకుంటే, అంతకన్నా వేడిగా ఉండే సిలిండర్ల చుట్టూ ఎంత పేరుకుని ఉండాలి? ఆ ప్రశ్న ఎవరైనా ఆ పూట అడిగి ఉంటే ఈ కథ రాయాల్సిన పని ఉండేది కాదు.

అసలు నష్టం జరిగింది ఈ షెడ్లలో కాదు, దారిలో. బండి వేడెక్కినప్పుడల్లా మామయ్య రోడ్డు పక్కన ఆపేవాడు. తడిపిన గోనెపట్టా రేడియేటర్ మూత మీద వేసి, మొహం పక్కకి తిప్పుకుని, అరచేత్తో నొక్కిపట్టి పావు తిప్పు తిప్పేవాడు. ఆవిరి బుస్సుమని గోనె కిందనుంచి నాలుగువైపులా చిమ్మేది. తుప్పురంగు నీళ్లు గ్రిల్లు మీదుగా కారేవి. అది సద్దుమణిగాక డిక్కీలోంచి ప్లాస్టిక్ క్యాను తీసి నీళ్లు పోసేవాడు. క్యానులో ఎప్పుడూ ఇంటి బోరు నీళ్లే.

ఆవిరైపోయేది ఉత్త నీరు. అందులోని సున్నం ఆవిరి కాదు, లోపలే ఉండిపోతుంది. పోసిన ప్రతి క్యానూ కొత్త సున్నం తెస్తుంది. నీటిలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేట్ వేడి తగలగానే విడిపోయి, కాల్షియం కార్బనేట్‌గా మారి, ఎక్కడ ఇనుము బాగా కాలుతోందో అక్కడే అతుక్కుంటుంది. ఆ పొరలోంచి వేడి దాటే వేగం ఇనుములో దాటే వేగంలో పదోవంతు కూడా ఉండదు. సిలిండర్ వేడి నీళ్లకి అందదు, బండి ఇంకా త్వరగా మరుగుతుంది, ఇంకో క్యాను పోస్తాడు. బండిని బతికించుకోవడానికి దారి పొడుగునా చేసిన ఉపచారమే దాన్ని లోపల్నించి పూడ్చేసింది.

ఇక మూత సంగతి. నీళ్లు వంద డిగ్రీలకి మరుగుతాయి. ఒత్తిడి పెంచితే మరిగే వేడీ పెరుగుతుంది. మూతలోని స్ప్రింగూ రబ్బరు వాషరూ ఆ ఒత్తిడిని పట్టి ఉంచాలి. ఈ బండి మూత వాషరు ఎప్పుడో ఎండి గట్టిపడిపోయింది. దాని ఖరీదు అప్పట్లో రెండు సినిమా టిక్కెట్లంత. దాన్ని మార్చమని ఒక్క షెడ్డులోనూ అనలేదు.

ఒక శివరాత్రికి శ్రీశైలం బయల్దేరాం. ఆ బండిలో నేనూ ఉన్నాను. వినుకొండ మీదుగా పెద్దదోర్నాల చేరేదాకా బాగానే నడిచింది. దోర్నాల దాటాక నల్లమల, ఘాటు రోడ్డు మొదలు. ముందు బస్సుల వరస, వెనక బస్సుల వరస, ఆగడానికి జాగా లేదు. సెకండ్ గేరులో మూలుగుతూ ఎక్కుతోంది. ముల్లు ఎర్రగీత దగ్గరికి చేరింది. ఒక మలుపులో పక్కకి తీసి గోనెపట్టా, క్యాను, మామూలు తంతు కానిచ్చాడు. మళ్లీ కదిలాం. ముల్లు మళ్లీ ఎర్రగీతకి చేరింది. కాసేపటికి అదే మెల్లగా కిందికి దిగడం మొదలుపెట్టింది.

"దిగిందిరా" అన్నాడు మామయ్య.

"మల్లన్న చల్లగా చూశాడు" అని వెనక సీట్లోంచి అమ్మమ్మ చేతులు జోడించింది.

ముల్లుకి సమాచారం పంపే బుడ్డి ఇంజన్ హెడ్డులో నీళ్లలో మునిగి ఉండాలి. నీళ్ల మట్టం దానికన్నా కిందికి పడిపోతే అది ఉత్త ఆవిరిలో, గాలిలో మిగులుతుంది. అప్పుడు అది చూపే లెక్కకి లోపలి వేడితో సంబంధం ఉండదు. ముల్లు దిగింది ఇంజన్ చల్లబడి కాదు, నీళ్లు అయిపోయి. వేడెక్కుతున్న బండిలో ముల్లు కారణం లేకుండా దిగితే అంతకన్నా పెద్ద ప్రమాద సూచన లేదు. అందరం ఊపిరి పీల్చుకున్న ఆ నాలుగైదు నిమిషాల్లోనే అంతా అయిపోయింది.

ముందు మాడువాసన వచ్చింది. ఆ వెంటనే ఇంజన్లోంచి టకటకమని చప్పుడు, లాగడం తగ్గింది, ఎత్తు మధ్యలో ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే కటక్ మని ఊరుకుంది. ఇంజన్ పట్టేసింది. వెనక బస్సులు హారన్లు కొడుతుంటే మామయ్య కంగారులో క్యానులో మిగిలిన చన్నీళ్లన్నీ పోశాడు. లోపల ఎక్కడో 'టిక్' మన్న శబ్దం నాకూ వినపడింది. కాలుతున్న పోత ఇనుము మీద చన్నీళ్లు పడకూడదు. అది బండి తోలే ప్రతివాడికీ తెలిసినదే, మామయ్యకీ తెలుసు. మేం ఆర్టీసీ బస్సులో నిలబడి కొండెక్కాం. ఆయన బండి దగ్గరే జాగారం చేశాడు.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక ముసలి మేస్త్రీ ఉండేవాడు. అంబాసిడర్లు తప్ప వేరే బండి ముట్టుకునేవాడు కాదు. లారీ వెనక కట్టి అక్కడికి తీసుకెళ్లారు. ఆయన ముందు డిప్‌స్టిక్ తీసి చూశాడు. ఆయిల్‌లో నీళ్లు కలిసి పాలెక్కువైన టీలా ఉంది. ప్లగ్గులు నాలుగూ విప్పి వరసగా బల్ల మీద పెట్టాడు. రెండోదీ మూడోదీ కడిగినట్టు తెల్లగా ఉన్నాయి. "మధ్యలో గ్యాస్కెట్ పోయింది" అన్నాడు హెడ్డు విప్పకముందే. విప్పితే అంతే, రెండో మూడో సిలిండర్ల మధ్య గ్యాస్కెట్ కాలిపోయి దారి పడింది. ఈ ఇంజన్లో ఆ రెండింటికీ ఎగ్జాస్ట్ దారి ఒక్కటే, అక్కడ వేడి ఎప్పుడూ ఎక్కువ. హెడ్డు మీద ఉక్కు స్కేలు నిలబెట్టి కిందనుంచి టార్చి వేశాడు. మధ్యలో వెలుతురు దూరుతోంది. హెడ్డు వంగింది.

తర్వాత బ్లాకు వెనకవైపు నీళ్లు వదిలే కుళాయి తిప్పాడు. చుక్క రాలేదు. తీగ దూర్చాడు, అయినా రాలేదు. నాలుగో సిలిండర్ పక్కన ఉండాల్సిన నీటి సందులో స్క్రూడ్రైవర్ పెట్టి గోకితే తెల్లటి గడ్డలు పెచ్చులు పెచ్చులుగా ఊడి చేతిలో పడ్డాయి. పంపుకి అన్నిటికన్నా దూరంగా ఉండే మూల అది. చెత్తంతా చేరేది అక్కడే.

"ఏమయ్యా, దీన్లో ఏం నీళ్లు పోస్తున్నావు?"

"బోరు నీళ్లే మేస్త్రీ గారూ."

"ఏ ఊరు?"

"పిడుగురాళ్ల."

మేస్త్రీ ఇంకేమీ అడగలేదు. ఇన్నేళ్లలో ఆ రెండు ప్రశ్నలు వేసినవాడు ఆయనొక్కడే. హెడ్డు లేతు మీద చదును చెయ్యొచ్చన్నాడు. కానీ బ్లాకులో సిలిండర్ గోడకీ నీటి సందుకీ మధ్య వెంట్రుకంత పగులుంది. బోరు కొట్టి స్లీవు దించినా నమ్మకంగా చెప్పలేనన్నాడు. వేరే ఎవరో డీజిల్ ఇంజన్ ఎక్కించుకోమన్నారు. మామయ్య దగ్గర డబ్బు లేదు, ఆ పాటికి ఇండికాలూ సుమోలూ దిగాయి, అంబాసిడర్ ఎక్కేవాళ్లూ తగ్గారు.

1980ల మధ్యలో ఏడాదికి సుమారు 24 వేల అంబాసిడర్లు అమ్ముడుపోయేవి. 2013-14 నాటికి ఆ లెక్క రెండువేల పైచిలుకుకి పడిపోయింది. 2014 మేలో ఉత్తరపారా కర్మాగారంలో పని ఆపేశారు. 2017లో అంబాసిడర్ అనే పేరుని ఫ్రెంచి కంపెనీ పూజోకి 80 కోట్లకి అమ్మారు. కంపెనీ కథకీ మామయ్య బండి కథకీ ముడిపెట్టాలని చెయ్యి ఉబలాటపడుతుంది గాని పెట్టను. ఆ పతనానికి కారణాలు వేరు. మామయ్య బండిని చంపింది నీళ్లు.

అది కొన్నాళ్లు వేపచెట్టు కింద ఉంది. తర్వాత తుక్కువాడు వచ్చి కిలోల లెక్కన కొనుక్కుపోయాడు.

ఇప్పటికీ పెట్రోలు అంబాసిడర్‌ని అపురూపంగా దాచుకున్నవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. వాళ్లకో మనవి. ఇంజన్ బాగా చల్లారి ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి వాషరు వేలితో నొక్కి చూడండి. బ్లాకు వెనకున్న కుళాయి తిప్పండి. నీళ్లు ధారగా వస్తే కొత్తగా కూలెంటూ, డిస్టిల్డ్ వాటరూ కలిపి నింపండి. మంచు పడని ఊళ్లో కూలెంట్ ఎందుకనకండి, తుప్పు పట్టనివ్వకపోవడం కూడా దాని పనే. కుళాయిలో తీగ దూర్చినా నీళ్లు రాకపోతే మాత్రం, బ్లాకు శుభ్రం చేయించేదాకా ఆ బండిని ఘాటు రోడ్డు ఎక్కించకండి.