మధుమేహ పాదవ్రణం: వైద్యపత్రాలలో ఉండవలసిన వివరాలు

మధుమేహం దీర్ఘకాలం అదుపు తప్పితే పాదాలలోని నరాలు మొద్దుబారి స్పర్శ తగ్గుతుంది, రక్తప్రసారమూ మందగిస్తుంది. ముల్లు గుచ్చుకున్నా, చెప్పు ఒరిసినా నొప్పి తెలియదు. అట్లు ముదిరిన గాయమే మధుమేహ పాదవ్రణం. జనవ్యవహారంలో ‘షుగరు పుండు’.

సరిహద్దు గ్రామాల రోగులు తరచు రాష్ట్రం దాటి వైద్యానికి వెళతారు. పావగడ వారికి అనంతపురం, ఇచ్ఛాపురం వారికి బరంపురం, హోసూరు వారికి బెంగళూరు దగ్గర. అక్కడి వైద్యుడు పుండు తొలిస్థితిని చూచి ఉండడు. అది మానుతున్నదో, లోతుకు పోతున్నదో తెలుపగలిగినది మొదటి ఆసుపత్రి కాగితమే. అందులో ‘కాలి పుండు’ అని మాత్రమే ఉంటే ఆ కాగితం ఉన్నా లేనట్టే.

మధుమేహం ఏ రకం, పుండు ఏ కాలికి, మడమకా వేలికా, పొడవు వెడల్పులు ఎంత, చీము ఉన్నదా, స్పర్శ, రక్తప్రసారం ఎట్లున్నవి అన్నవి తేదీతో సహా నమోదు కావాలి. అన్నింటికన్న ముఖ్యం లోతు. వాగ్నర్ వర్గీకరణలో పుండు లేక ముప్పు మాత్రమే ఉంటే 0. పైపై పుండు 1. ఎముక, కీలు వరకు దిగితే 2. లోపల చీముగడ్డ గాని ఎముకకు ఇన్ఫెక్షన్ గాని చేరితే 3. పాదంలో కొంత కుళ్ళితే 4. పాదమంతా కుళ్ళితే 5.

ఇట్టి వివరాలను సంకేతాంకాలుగా మార్చుటే మెడికల్ కోడింగ్. హైదరాబాదు, చెన్నైలలో పలువురు తెలుగు యువతీయువకులు అమెరికా ఆసుపత్రుల కొరకు చేస్తున్న ఉద్యోగమిది. ఆ దేశంలో 2015 అక్టోబరు 1 నుండి అమలులో ఉన్న ఐసీడీ-10-సీఎం ప్రకారం రెండవ రకం మధుమేహ పాదవ్రణానికి ముందు ఇ11.621 వేసి, స్థానానికి, లోతుకు ఎల్97 వర్గపు సంకేతం చేరుస్తారు. కుడి మడమపై కొవ్వుపొర బయటపడితే ఎల్97.412, ఎముక కుళ్ళితే ఎల్97.414, లోతు వ్రాయకుంటే ఎల్97.419. చివరి అంకెలోనే తేడా అంతా. వ్యాధి నిర్ధారణ వైద్యుడే వ్రాయాలి. లోతును నర్సు వ్రాసినా చెల్లుతుంది. వ్రాయనిదానిని కోడరు ఊహించరాదు, వైద్యుని అడగాలి.

మన దేశంలో 2002 నాటి వైద్యవృత్తి నిబంధనల ప్రకారం ఆసుపత్రిలో చేరిన రోగి రికార్డును 3 సంవత్సరాలు భద్రపరచాలి. రోగి కోరితే 72 గంటలలో ఇవ్వాలి. ఈ సంగతి తెలిసి అడిగేవారు తక్కువ. డిశ్చార్జి సమ్మరీలో కుడి, ఎడమ సరిగా పడినవో లేదో అక్కడే చూసుకొనుట మేలు. కట్టు మార్చునప్పుడు పుండు ప్రక్కన స్కేలు ఉంచి తీసిన ఫోటో కూడ వైద్యునికి పనికివస్తుంది. అయితే పాదం నల్లబడినా, దుర్వాసన వచ్చినా, జ్వరం తగిలినా కాగితాల కొరకు ఆగక వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.