పాట పాడని ఉబుంటు, ఆటోమేటిక్స్ కథ

లినక్సు చరిత్ర అనగానే అందరూ కెర్నెల్ గురించీ, సర్వర్ల గురించీ రాస్తారు. ఇంట్లో ఎక్కించుకున్నవాళ్ళకి మొదట తగిలిన అడ్డు మాత్రం వేరే. పాట పాడదు!

2004 అక్టోబరులో ఉబుంటు తొలి విడుదల వచ్చింది. అడిగినవాళ్ళకి సీడీలు ఉచితంగా ఇంటికే పంపేవారు (ఈ షిప్‌ఇట్ 2011 దాకా నడిచింది). విశాఖలో ద్వారకానగర్ అయినా, ఉక్కునగరం అయినా ఒకటే కథ: సీడీ ఎక్కించి, ఘంటసాల ఎంపీత్రీ మీద నొక్కితే మౌనం. కారణం అమెరికా పేటెంట్లు. మన పేటెంటు చట్టం సెక్షన్ 3(కె) ఉత్త కంప్యూటర్ ప్రోగ్రాముకి పేటెంటు ఇవ్వదు. కానీ ప్రపంచమంతటికీ సీడీ ఒకటే కాబట్టి, అక్కడి చట్టం మనింట్లో పాట ఆపేసింది.

పాట పాడించాలంటే సోర్సెస్.లిస్ట్ ఫైలు తెరిచి, కొత్త రిపాజిటరీలు చేర్చి, కోడెక్‌ల పేర్లు ఒక్కోటీ టైపు చేయాలి. ఈ తంతు తప్పించడానికే ఈజీఉబుంటు, ఆటోమేటిక్స్ వచ్చాయి. కావలసినవాటికి టిక్కు పెట్టి బటన్ నొక్కితే చాలు. జనం ఎగబడ్డారు.

అయితే ఆ బటన్ రూట్ అధికారంతో పనిచేసేది. 2007 ఆగస్టులో ఉబుంటు డెవలపర్ మాథ్యూ గారెట్ ఆటోమేటిక్స్ కోడు చదివి, ఇది సిస్టమ్‌కి ప్రమాదకరమని తేల్చేశాడు. ప్యాకేజీ మేనేజర్ అడగాల్సిన ప్రశ్నలన్నిటికీ అదే 'సరే' చెప్పేస్తుంది, ఏం పోయిందో వాడేవాడికి తెలియదు. (ఇప్పుడు మనం ఏదో సైట్లో చూసి కర్ల్‌ని సుడో బాష్‌లోకి పైపు చేసేది ఇంతకన్నా మెరుగా?) ఇలాంటి పరికరం అవసరం నిజమేననీ, దాన్ని ఉబుంటులోనే తీర్చే దారి చూడాలనీ కూడా అన్నాడు. నాకు నచ్చింది ఆ మాటే. అప్పటికే 7.04లో, కోడెక్ లేకపోతే 'వెతికి తెమ్మంటారా?' అని అడిగే ఏర్పాటు వచ్చింది. ఆటోమేటిక్స్ 2008లో ఆగిపోయింది.

మన ఊళ్ళో ఇంకో చిక్కుండేది, అది తీగది. 2005లో మొదలైన బీఎస్ఎన్ఎల్ డేటావన్ వేగం 256 కేబీపీఎస్, అంటే సెకనుకి 32 కేబీ. సీడీకి పట్టే 700 ఎంబీ దించాలంటే ఆరు గంటల పైమాటే. కొన్ని ప్లాన్లలో రాత్రి 2 నుంచి ఉదయం 8 దాకా వాడకానికి లెక్కలేదు కాబట్టి, ఇంచుమించు ఒక రాత్రి పని అన్నమాట. ఇక నెట్టే లేని ఇంటికి టిక్కు పెట్టే డబ్బా ఎందుకు?

అందుకే నా లెక్కలో మనకి అసలు పనికొచ్చింది ఆప్ట్ఆన్‌సీడీ. ఒక మెషీన్లోకి ఆప్ట్ దించిన ప్యాకేజీలన్నిటినీ సీడీ బొమ్మగా కట్టి ఇస్తుంది. ఆ సీడీయే రెండో మెషీన్‌కి రిపాజిటరీ. గాజువాకలో ఒకరు దించితే నెట్ లేని మిత్రుడు మధురవాడలో ఎక్కించుకోవచ్చు. కోడెక్‌లతో పాటు పోతన2000, వేమన2000 ఖతుల ప్యాకేజీ కూడా అందులోనే వెళ్ళిపోతుంది. ఒకదానికొకటి కావలసినవి లెక్కగట్టడం ఆప్ట్ చేతిలోనే ఉంటుంది, దొంగదారి ఏమీ లేదు.

2010లో 10.10 ఇన్‌స్టాలర్లోనే ఎంపీత్రీకి టిక్కు పెట్టే చోటు వచ్చింది. ఎంపీత్రీ లైసెన్సుల అమ్మకం 2017లో ఆగింది. ఆప్ట్ఆన్‌సీడీ గుర్తున్నవాళ్ళు ఎంతమంది ఉన్నారో మరి.