తెలుగులో రష్యన్ జానపద అద్భుత కథలు

రష్యన్ జానపద గాథలూ, వాటి ఆధారంగా పిల్లల కోసం రాసిన అద్భుత కథలూ 20వ శతాబ్ది ఉత్తరార్ధంలో మాస్కోలో అచ్చయిన అనువాదాల ద్వారా తెలుగు పాఠకులకు చేరాయి. తెలుగు బాలసాహిత్యానికి ఇతర దేశాల నుంచి అందిన కానుకల్లో ఇవి విలువైనవి.

మూలాలు

రష్యాలో ఈ కథలను పెద్దయెత్తున సేకరించినవాడు అలెగ్జాండర్ అఫనాస్యెవ్. ఆయన 1855–1863 మధ్య దాదాపు 600 కథలు ప్రకటించాడు. 1870లో పిల్లలకోసం వేరే సంపుటం తెచ్చాడు. కోడికాళ్ల గుడిసెలో కాపురముండే మంత్రగత్తె బాబా యగా, చావులేని కష్చేయ్, అగ్నిపక్షి ఈ కథల్లో పదేపదే కనిపిస్తారు. వసిలీసా కథలో తల్లి చనిపోతూ కూతురికి ఓ చిన్న బొమ్మనిస్తుంది. దానికి ఇంత తిండి పెట్టి కష్టం చెప్పుకుంటే దారి చూపుతుంది. బాబా యగా పురమాయించిన గింజలేరే పని కూడా ఆ బొమ్మే చేసిపెడుతుంది.

సాహిత్య రూపం

పుష్కిన్ ‘రుస్లాన్, ల్యుద్మీల’ (1820), యెర్షోవ్ ‘గూని గుర్రం’ (1834) జానపద కల్పనను కావ్యస్థాయికి తెచ్చాయి. బజోవ్ 1939లో ఉరల్ గని కార్మికుల గాథలను ‘మలకైట్ పెట్టె’గా వెలువరించాడు. ఉస్పెన్‌స్కీ 1972 నాటి నవలికలో నేటి కాలపు పిల్లవాణ్ణి బాబా యగా లోకంలోకి పంపాడు.

తెలుగు నేల

ఈ కథలు మనవాళ్లకు కొత్తగా తోచలేదు. కష్చేయ్ ప్రాణం సూదిమొనలో ఉంటుంది. సూది గుడ్డులో, గుడ్డు బాతులో, బాతు కుందేలులో, కుందేలు పెట్టెలో. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. రాజమహేంద్రవరంలో మధిర సుబ్బన్న దీక్షితులు ‘కాశీమజిలీ కథలు’ రాశారు. అందులో యతి మణిసిద్ధుడు మజిలీ మజిలీకీ గోపడికి వింతకథలు చెబుతాడు. దాసరి సుబ్రహ్మణ్యం ‘చందమామ’ సీరియళ్లు మాంత్రికులనూ రాక్షసలోయలనూ ఇంటింటికీ తెచ్చాయి. ఇవన్నీ చదివి పెరిగిన పిల్లలకు బాబా యగా పరాయిది కాలేదు.

అనువాదాలు

మాస్కోలోని ప్రగతి ప్రచురణాలయం, 1982 నుంచి రాదుగ తెలుగులో పిల్లల పుస్తకాలు అచ్చువేశాయి. ఉప్పల లక్ష్మణరావు, ఆర్వియార్ వంటివారు వీటిని అనువదించారు. రంగురంగుల బొమ్మలతో, మంచి కాగితంపై అచ్చయిన ఈ పుస్తకాలను విశాలాంధ్ర చౌకధరలకు అమ్మింది. మధ్యతరగతి ఇళ్లలోకి ఇవి రావడానికి ఆ ధరే ప్రధాన కారణం.

నేటి స్థితి

1991లో సోవియట్ యూనియన్ పతనంతో మాస్కో నుంచి తెలుగు పుస్తకాల రాక ఆగిపోయింది. పాత ప్రతులను అభిమానులు సేకరించి, స్కాన్ చేసి అందరికీ అందిస్తున్నారు. కానీ స్కాన్ ప్రతి చిన్నపిల్లల చేతిలో పెట్టే పుస్తకానికి సాటిరాదు. మన ప్రచురణకర్తలు ఈ కథలను ఆ బొమ్మలతోనే మళ్లీ అచ్చువేయాలి. బడి గ్రంథాలయాలు వాటిని కొనాలి.